చెల్సీ–టోటెన్‌హామ్ మ్యాచ్ చూస్తుంటే మా పోరలు ‘స్స్స్’ అని శబ్దం చేసిన్రు. వీళ్ళకు ఎట్ల చెప్పాలె?

మల్కాజిగిరి_బ్లూ:

అందరికి నమస్తే. నేను లండన్ ఫుట్‌బాల్ క్లబ్ చెల్సీ మనిషిని. ద్రోగ్బా, లాంపార్డ్ ఆడుతున్నప్పటి సంది ఈ క్లబ్‌తోనే ఉన్న. 2012ల మ్యూనిక్ ఫైనల్ల ద్రోగ్బా ఆఖరి పెనాల్టీ కొట్టంగనే నేను ఒర్రిన ఒర్రుడుకు ఇంట్లోళ్ళందరు నిద్రలకెళ్ళి లేచిన్రు. క్లబ్ మీద ప్రాణం పెట్టుకున్నోడే ఇది రాస్తున్నడని ముందుగాలనే చెప్తున్న.

మాకు ఒక గ్రూపు ఉన్నది. పెద్ద మ్యాచ్ ఉంటే మాదాపూర్ల ఒక కేఫ్ పైఅంతస్తు మాట్లాడుకుంటం. వాళ్ళు ప్రొజెక్టర్ పెడతరు, మనిషికింత అని మేము ఏసుకుంటం. ఇంజనీరింగ్ చదివే పోరలు వస్తరు, నా లెక్క ఉద్యోగాలు చేసేటోళ్ళు వస్తరు, కొందరు పిల్లల్ని కూడా తెస్తరు. ఈ సీజన్ల టోటెన్‌హామ్‌తోని మ్యాచ్ ఉన్న రోజు వాళ్ళ అభిమానులు కూడా కొంతమంది వచ్చి కిటికీ దిక్కు మూలకు కూసున్నరు. ఎప్పుడూ వస్తరు, ఎప్పుడూ గొడవ కాలే.

ఫస్టాఫ్‌ల వాళ్ళకు కార్నర్ వచ్చింది. మా బల్ల కాడ ఉన్న నలుగురైదుగురు పోరలు పండ్లు బిగవట్టి ‘స్స్స్స్’ అని పొడుగ్గ శబ్దం తీసిన్రు. చానామందికి అది ఉత్తగ ఎక్కిరించుడు లెక్కనే అనిపించి ఉంటది. పక్క బల్ల మీది చిన్నపిల్ల కూడా నవ్వుకుంట అట్లనే చేసింది. నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే ఆ శబ్దం ఏందో నాకు తెలుసు.

తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. టోటెన్‌హామ్ ఉత్తర లండన్ క్లబ్, స్పర్స్ అని కూడా అంటరు. తూర్పు యూరప్‌ల మారణకాండలకు భయపడి పారిపోయి వచ్చిన యూదు కుటుంబాలు మొదలు లండన్ ఈస్ట్ ఎండ్‌ల బతికినయ్, తర్వాత ఉత్తరం దిక్కు పోయినయ్. వాళ్ళల్ల చానామంది టోటెన్‌హామ్ మ్యాచ్‌లకు పోవుడు మొదలువెట్టిన్రు. అర్సెనల్‌కు పోయినోళ్ళు కూడా తక్కువేం లేరు గని, ‘యూదుల క్లబ్’ అన్న ముద్ర మాత్రం టోటెన్‌హామ్ మీదనే పడ్డది. ఎదుటి జట్ల అభిమానులు దాన్ని తిట్టు కింద వాడుకున్నరు. ఈ ‘స్స్స్’ నాజీల గ్యాస్ చాంబర్లల గ్యాస్ వదిలే శబ్దానికి నకలు. ఆష్విట్జ్ లాంటి చోట్ల, స్నానానికి అని చెప్పి మనుషుల్ని గదులల్లకు తోలి, తలుపులు మూసి, విషం వదిలి చంపిన్రు. నాజీలు చంపిన యూదులు మొత్తం సుమారు 60 లక్షల మంది. ఆ గదిల నుంచి వచ్చిన చప్పుడును ఒక కార్నర్ కిక్‌కు వాడుతున్నరు. చెల్సీ వాళ్ళు చేసిన్రు, వెస్ట్‌హామ్ వాళ్ళు చేసిన్రు. 2012ల టోటెన్‌హామ్ స్టేడియం వైట్‌హార్ట్ లేన్‌ల వెస్ట్‌హామ్ వాళ్ళు చేసినప్పుడు పేపర్లన్ని రాసినయ్.

విరామంల ఒక పోరన్ని పక్కకు పిల్చి అడిగిన. “పాము బుసకొట్టినట్టు అన్నా, స్పర్సోళ్ళు ఆడుతుంటే అట్ల చేస్తరు, వీడియోల చూసినం” అన్నడు. వానికి నిజంగనే తెల్వదు. ఇంకొకడు మాత్రం తెలిసే చేసిండు. “అక్కడ వేలమంది చేస్తరు, ఇక్కడ నలుగురం చేస్తే ఏమైతది” అన్నడు. ఈ ఇద్దరికి ఒకే మాట చెప్తే పని కాదు.

ఇంకో సంగతి. మా క్లబ్ చరిత్రల ఉన్నయి ఉత్త కప్పులే కాదు. 1982 ఏప్రిల్ల పాల్ కానోవిల్ సెల్‌హర్స్ట్ పార్క్‌ల క్రిస్టల్ ప్యాలెస్ మీద మొదటిసారి దిగిండు. చెల్సీ ఫస్ట్ టీంకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయన. లైన్ పొంటి వార్మప్ చేస్తుంటే బూతులు వినవడ్డయ్. తిరిగి చూస్తే తిడుతున్నది ప్యాలెస్ వాళ్ళు కాదు, నీలిరంగు ఏసుకున్న మా వాళ్ళే. 2015 ఫిబ్రవరిల పారిస్ మెట్రోల ఒక నల్లజాతి మనిషిని రైలు ఎక్కనీయకుంట నూకేసి, ‘మేము జాత్యహంకారులమే’ అని పాట పాడింది కూడా మా వాళ్ళే. అందుకే ‘వేరే క్లబ్బోళ్ళు కూడా చేస్తరు’ అన్న జవాబు నాకు వద్దు. నా బల్ల కాడ ఏం చెయ్యాలె అన్నది చెప్పున్రి. తెల్వనోనికి ఎట్ల తెలియజెప్పాలె? తెలిసి చేసినోన్ని రానియ్యాల్నా వద్దా? మీ గ్రూపులల్ల రూల్స్ ఏమన్న ఉన్నయా?


థేమ్స్_టు_నిజాంపేట:

బ్రదర్, మంచి ప్రశ్న అడిగావు. నేను ఉద్యోగం మీద లండన్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చాను. మాది గుంటూరు, ఇప్పుడు ఉండేది నిజాంపేటలో. నేను ఏ పెద్ద క్లబ్ అభిమానినీ కాదు, టికెట్ దొరికిన మ్యాచ్‌కల్లా వెళ్ళేవాణ్ణి.

తెలిసి చేసినవాడు “అక్కడ వేలమంది చేస్తారు” అన్నాడు కదా, ముందు వాడి సంగతి. అక్కడ అది నేరం. 1991లోనే ఫుట్‌బాల్ నేరాల చట్టం తెచ్చారు, గ్రౌండ్‌లో జాతిని కించపరిచే నినాదాలు చేస్తే కేసు. మొదట్లో ఆ చట్టంలో ఒక లొసుగు ఉండేది. ఇద్దరు ముగ్గురు కలిసి అరిస్తేనే నినాదం, ఒక్కడే అరిస్తే కాదు అని. ఒంటరిగా అరిచినవాడు తప్పించుకునేవాడు. 1999లో దాన్ని సరిచేశారు. దోషి అని తేలితే కోర్టు బ్యానింగ్ ఆర్డర్ ఇవ్వొచ్చు. కనీసం 3 ఏళ్ళు, జైలు కూడా పడితే 10 ఏళ్ళ దాకా స్టేడియం గడప తొక్కకూడదు. ఇంగ్లాండ్ జట్టు బయటి దేశంలో ఆడుతుంటే పాస్‌పోర్ట్ పోలీసులకు అప్పగించాలి. 2022 నుంచి ఆన్‌లైన్‌లో ఆటగాళ్ళని జాతి పేరుతో తిట్టినవాళ్ళకీ ఇది వర్తిస్తోంది. 2021 యూరో ఫైనల్లో పెనాల్టీలు పోయాక ఇంగ్లాండ్ నల్లజాతి ఆటగాళ్ళు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాల మీద వచ్చి పడ్డ చెత్త చూశాక తెచ్చిన మార్పు అది. నీ కుర్రాడు వీడియోలో చూసిన ఆ వేలమందిలో ఎవడైనా కెమెరాకి దొరికితే వాడి సీజన్ టికెట్ పోతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. ఇది వాడికి చెప్పు.

తెలియని పిల్లాడికి మాత్రం చట్టం చెప్పొద్దు. ఆర్పాద్ వైస్ గురించి చెప్పు.

వైస్ హంగేరీ యూదుడు. ఇటలీలో కోచ్. మిలాన్ క్లబ్ ఇంటర్‌లో 17 ఏళ్ళ జుసెప్పె మియాత్సాకి మొదటి అవకాశం ఇచ్చింది ఆయనే. ఇవాళ మిలాన్‌లోని శాన్ సీరో స్టేడియానికి ఉన్న అధికారిక పేరు ఆ మియాత్సాదే. 1930లో ఇంటర్‌కి, తర్వాత 1936లో, 1937లో బొలోన్యాకి లీగ్ టైటిల్ గెలిపించాడు. 1937లోనే పారిస్‌లో ఒక అంతర్జాతీయ టోర్నమెంట్ జరిగింది. ఫైనల్లో బొలోన్యా 4–1తో ఒక ఇంగ్లీష్ జట్టుని ఓడించింది. ఆ జట్టు చెల్సీ! మీ క్లబ్‌ని చిత్తు చేసిన కోచ్ బ్రదర్ ఆయన.

మరుసటి ఏడాది ముస్సోలినీ జాతి చట్టాలు తెచ్చాడు. వైస్ ఉద్యోగం పోయింది, దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లో డోర్‌డ్రెక్ట్ అనే చిన్న ఊరికి చేరి, అక్కడి చిన్న జట్టుకి కోచింగ్ ఇచ్చి పెద్ద జట్లని ఓడించేలా చేశాడు. ఈలోపు నాజీలు అక్కడికీ వచ్చారు. 1942లో కుటుంబాన్ని మొత్తం పట్టుకుపోయారు. భార్య ఎలెనాని, పిల్లలు రొబెర్తోని, క్లారాని అదే ఏడు అక్టోబర్లో ఆష్విట్జ్ గ్యాస్ చాంబర్లో చంపారు. ఆయన 1944 జనవరిలో అక్కడే చనిపోయాడు.

2020 జనవరిలో చెల్సీ వాళ్ళు తమ స్టేడియం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ గోడ మీద పెద్ద చిత్రం పెట్టించారు. అందులో వైస్ ఉన్నాడు, ఆష్విట్జ్‌లోనే ప్రాణం పోయిన జర్మనీ జాతీయ జట్టు ఆటగాడు యూలియుస్ హిర్ష్ ఉన్నాడు, అక్కడ యుద్ధఖైదీగా ఉండి ఖైదీల మ్యాచ్‌ల్లో గోల్‌కీపింగ్ చేసి బతికి బయటపడ్డ రాన్ జోన్స్ ఉన్నాడు. ఆ ఫొటో చూపించి, ఈ శబ్దం వెక్కిరించేది ఇతని భార్యాపిల్లల చావుని అని చెప్పు. అది విన్నాక కూడా చేసేవాడుంటే వాడికి ఇంకేం చెప్పినా ఎక్కదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఒకసారి చెల్సీ మ్యాచ్ అయ్యాక ఫుల్‌హామ్ బ్రాడ్‌వేలో రైలెక్కాను. పెట్టె నిండా పాటలు. వాటిల్లో ఒకటి లివర్‌పూల్ వాళ్ళని తిట్టే పాట, ‘వాళ్ళలా ఉండటం కన్నా పాకీగా ఉండటం నయం’ అని. అక్కడ ఆ మాట పాకిస్తాన్ వాళ్ళకే కాదు, మన ఉపఖండం నుంచి వెళ్ళిన ప్రతివాడికీ తగిలే తిట్టు. తెలుగువాడా, బంగ్లాదేశ్ సిల్హెట్ వాడా అని ఎవడూ అడగడు. పాడుతున్న కుర్రాడొకడు నన్ను చూసి, భుజం మీద చెయ్యేసి, నిన్ను కాదులే అన్నాడు. స్నేహంగానే అన్నాడు. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి భుజం మీదే ఉన్నట్టనిపించింది. ఆ మూలలో కూర్చున్న టోటెన్‌హామ్ అభిమానులకి “మిమ్మల్ని కాదులే” అని చెబితే సరిపోతుందనుకునే వాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.


ఉప్పల్_షెడ్_ఎండ్:

అన్నా, నేను కూడా చెల్సీయే. మీరందరు దీన్ని మరీ పెద్దది చేస్తున్నరని నా అభిప్రాయం. ఆ కేఫ్‌ల ఒక్క యూదుడన్న ఉన్నడా? లేడు. టోటెన్‌హామ్ అభిమానులే యూదులను తిట్టే ఆ వై పదాన్ని పేరు లెక్క పెట్టుకొని పాడుకుంటరు. వాళ్ళు పాడితే ఏం లేదు, మేము శబ్దం చేస్తే తప్పా? ఇంకొక మాట కూడ అంట. గాజాల పిల్లలు సచ్చిపోతుంటే నోరు తెరవనోళ్ళు ఎనభై ఏండ్ల కిందటి సంగతి తీసుకొని మాకు నీతులు చెప్తున్నరు. ఫుట్‌బాల్ కాడ కొంచెం ఎక్కిరించుకుంటం, అది ఉండాలె. లేకుంటే ఇంట్ల కూసొనే చూడొచ్చు.


మల్కాజిగిరి_బ్లూ:

తమ్మీ, ఎక్కిరించుడు ఉండాలె, నేను కాదంటలేను. 2008 సంది 2025ల యూరోపా లీగ్ గెలిచేదాంక టోటెన్‌హామ్‌కు ఒక్క కప్పు లేకుండె, ఆ మాట మీద ఇన్నేండ్లు రాత్రంత పాటలు పాడినం. వాళ్ళ ఆట మీద, వాళ్ళ కప్పుల మీద, వాళ్ళ ఓనర్ మీద ఎంతన్న అను.

గాజా సంగతి అన్నవు. దాని మీద నీకు కోపం ఉంటే సూటిగ రాయి, నీ పేరు పెట్టి రాయి, నేను చదువుత. గని ఆ ‘స్స్స్’ ఏ ప్రభుత్వానికి తగుల్తది? ఏ మంత్రి చెవుల పడ్తది? అది తగిలేది చచ్చిపోయిన క్లారా అనే పిల్లకు, ఆమె లెక్క చచ్చిపోయిన లక్షల మందికి. ఒక పిల్ల చావుకు బాధపడేటోడు ఇంకో పిల్లను చంపిన చప్పుడు నోటితోని చెయ్యొద్దు. ఈ రెండింటి నడుమ నాకు తేడా కనవడ్తలేదు.

యూదుడు లేడంటున్నవ్. ఉన్నడో లేడో నీకెట్ల తెలుసు, అడిగినవా? లేకున్నా సరే. కానోవిల్‌ను తిట్టిన రోజు స్టాండ్ల ఉన్నోళ్ళల్ల చానామంది నోరు మూసుకొని చూసిన్రు. వాళ్ళల్ల ఒక్కడన్న పక్కోన్ని ఆపితే ఎట్లుంటుండె అని నాకు ఎప్పుడూ అనిపిస్తది.


తార్నాక_లిల్లీవైట్:

నేను ఆ కిటికీ మూలలో ఉన్నాను.

నమస్తే మల్కాజిగిరి అన్నా, మీ ముఖం గుర్తుంది. కార్నర్ అప్పుడు మా బల్ల దగ్గర ముగ్గురికి ఆ శబ్దం ఏంటో తెలుసు. ఎవ్వరం ఏమీ అనలేదు. హాఫ్‌టైమ్‌లో మాలో ఒకడు లేచి వెళ్ళిపోయాడు, మ్యాచ్ చూడలేదు. అతను యూదుడు కాదు, వరంగల్ వాడు. చరిత్ర చదువుకున్నవాడు.

ఉప్పల్ తమ్ముడు అడిగిన దానికి జవాబు మా వైపు నుంచే రావాలి కాబట్టి రాస్తున్నా. అవును, మా క్లబ్ అభిమానులు ఆ వై పదాన్ని తమకి తాము పెట్టుకున్నారు. 1970ల నుంచి, 80ల నుంచి జరుగుతున్నది. యూదు అభిమానుల్ని అవతలి వాళ్ళు ఆ మాటతో తిడుతుంటే, పక్కనున్న యూదులు కానివాళ్ళు కూడా “అయితే మేమందరం అదే” అని నిలబడ్డారని పెద్దవాళ్ళు చెప్తారు. దాని వెనకున్న మనసుని నేను గౌరవిస్తాను. 2013లో పోలీసులు ముగ్గురు స్పర్స్ అభిమానుల్ని ఈ మాట పాడినందుకే పట్టుకున్నారు, తర్వాత ఏడాది కేసు వదిలేశారు. అప్పటి ప్రధాని కేమరన్ కూడా మా వాళ్ళు వాడటం, అవతలివాళ్ళు ద్వేషంతో వాడటం ఒకటి కాదన్నాడు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2019లో క్లబ్ అభిమానుల్నే అడిగింది. 23,000 మందికి పైగా జవాబిచ్చారు. దాదాపు సగం మంది ఆ మాట తగ్గాలి, లేదా పూర్తిగా పోవాలి అన్నారు. మా స్టాండ్‌లో ఉండే యూదుల్లోనే కొందరికి అది గర్వం, కొందరికి కడుపులో దేవినట్టు ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో క్లబ్ ఇక దాన్ని వదిలి ముందుకు పోదామని కోరింది. లండన్‌లో కొందరు ఇంకా పాడుతూనే ఉన్నారు. హైదరాబాద్‌లో కూర్చుని పాడే హక్కు మాత్రం నాకు ఉందని నేను అనుకోను. ఆ మాటతో తిట్లు తిన్నది నా తాత కాదు. మా గ్రూపులో పాడకూడదని నేనే పట్టుబట్టాను, ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళారు, వెళ్ళనీ.

నీ ప్రశ్నకి జవాబు ఒక్కటే తమ్ముడూ. మా వాళ్ళు పాడేది తప్పా ఒప్పా అని యూదులే వాదించుకుంటున్నారు. ఆ ‘స్స్స్’ గురించి ఎవరూ వాదించుకోవడం లేదు.


మెహిదీపట్నం_నంబర్8:

సలాం అందరికి. నా తెలుగు అంత మంచిగ ఉండదు, ఏమనుకోవద్దు. నేను అర్సెనల్.

గాజా మాట వచ్చింది కాబట్టి ముందు అది చెప్తా. నా ఇంట్ల రోజూ ఆ వార్తలే. నా అమ్మ ఏడుస్తది. కానీ ఆ బాధ పేరు మీద ఎవరన్న గ్యాస్ చాంబర్ శబ్దం చేస్తే నాకు వద్దు. నా బాధను అట్ల వాడుకోకున్రి.

ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ పెద్ద స్క్రీన్ మీద పెట్టిన ప్రతిసారి నేను ముందు తలుపు ఎక్కడుందో చూసుకుంట. వికెట్ పడితే ఎవడో ఒకడు నా దిక్కు చూసి, “ఏం భాయ్, బాధైతుందా” అంటడు. నేను ఇండియా జెర్సీ ఏసుకొని ఉంట. అది కూడ వాళ్ళకు ఎక్కిరించుడే. నవ్వేటోళ్ళకు అది రెండు నిమిషాలల్ల అయిపోతది, నాకు కాదు.

మన టోలీచౌకీ సిరాజ్ భాయ్ ముచ్చట అందరికి యాదుంటది. 2020 నవంబర్ల నాన్న సచ్చిపోయిండు, ఆటో నడిపి కొడుకును పెంచిన నాన్న. అయినా సిరాజ్ ఇంటికి రాలే, ఆస్ట్రేలియాలనే ఉండి ఆడిండు. 2021 జనవరిల సిడ్నీల బౌండరీ కాడ నిలబడ్తే స్టాండ్ల నుంచి తిట్లు. పోయి కెప్టెన్ రహానేకు చెప్పిండు, అంపైర్లు ఆట ఆపిన్రు. మన ఆటగాళ్ళను జాతి పేరుతోని తిట్టిన మాట నిజమేనని తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా ఒప్పుకుంది. తిట్టినోళ్ళు మాత్రం దొరకలే. అప్పుడు హైదరాబాద్ మొత్తం మండిపడ్డది, ఉప్పల్ కూడ మండిపడ్డది.

ఇంక మన సంగతి. వెస్టిండీస్ డారెన్ సామీ సన్‌రైజర్స్‌కు ఆడినప్పుడు టీంల ఆయనను ‘కాలూ’ అని, అంటే నల్లోడా అని పిల్చేటోళ్ళు. మంచి మాట అనుకొని నవ్విండు. 2020ల అర్థం తెలిసినంక వీడియో పెట్టి అడిగిండు, ఎవరెవరు అన్నరో నాకు ఫోన్ చెయ్యున్రి అని. తర్వాత ఒకరితోని మాట్లాడిన, ప్రేమతోనే అన్నరట అని ఆయనే సర్దుకున్నడు. పెద్ద మనసు. మన జెర్సీ ఏసుకున్న మనిషికి మన దగ్గరనే అట్ల జరిగింది. టోలీచౌకీల ఆఫ్రికా నుంచి వచ్చి చదువుకునే పిల్లలు ఎంతమంది ఉన్నరో తెలుసు కదా. టర్ఫ్ మీద మాతోని ఆడతరు. వాళ్ళకు బాల్ పోతే బయట నుంచి ఏమేం శబ్దాలు వస్తయో నేను విన్న. ఇంగ్లాండ్ల 1988ల నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ బార్న్స్ మీద అరటిపండు విసిరిన్రని చదివి థూ అంటం. మన టర్ఫ్ కాడ ఆ కోతి శబ్దం మన పోరలే చేస్తున్నరు.

అందుకని నా జవాబు కొంచెం గట్టిగనే ఉంటది. తెల్వనోనికి ఒకసారి చెప్పున్రి. తెలిసి చేసినోన్ని ఆ సీజన్ మొత్తం రానియ్యకున్రి.


లాలాగూడ_పాత_గోలీ:

బాబూ, మీరందరూ రాసింది మా మనవరాలు చదివి వినిపించింది. నేను చెప్తుంటే తనే టైపు చేస్తోంది. నేను కుర్రతనంలో సికింద్రాబాద్ రైల్వే గ్రౌండ్‌లలో గోల్‌కీపింగ్ చేసినవాణ్ణి. పెద్ద ఆటగాణ్ణి కాదు. కానీ పెద్ద ఆటగాళ్ళ షూటింగ్ ప్రాక్టీసుకి గోల్‌లో నిలబడ్డాను.

గోల్‌కీపర్‌కి జనం మాట అందరికన్నా ఎక్కువ వినిపిస్తుంది. ఆట అవతలి కొసలో ఉంటే నువ్వొక్కడివే ఇక్కడ, నీ వెనకే జనం. పేరు పెట్టి, కులం పెట్టి, తల్లిని పెట్టి తిట్టేవాళ్ళు. చెవులు మూసుకోలేవు, చేతులు బంతి కోసం ఉండాలి కదా. ఇన్నేళ్ళయినా ఎన్ని గోల్స్ ఆపానో గుర్తు లేదు కానీ, కులం పెట్టి అన్న కొన్ని మాటలు అన్నవాళ్ళ గొంతుతో సహా గుర్తున్నాయి.

మీకు రహీం సాబ్ గురించి తెలుసో లేదో. సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాద్ వాడు. సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 54 దాకా వరసగా 5 రోవర్స్ కప్‌లు గెలిపించినవాడు, భారత జట్టు కోచ్. 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్ వాళ్ళకీ తైవాన్ వాళ్ళకీ వీసాలివ్వలేదు. ఆటల్లోకి ఈ వివక్ష ఏమిటని మన దేశపు క్రీడా అధికారి సోంధీ గారు అడ్డం తిరిగారు. దాంతో అక్కడి జనం మన మీద పగబట్టారు. మన ఎంబసీ మీద దాడి చేశారు. జాతీయగీతం వినబడకుండా అరిచారు. ఫైనల్ దక్షిణ కొరియాతో. స్టేడియంలో లక్షమంది, అందరూ మనకి వ్యతిరేకం. గోల్‌లో తంగరాజ్, ముందు వరసలో మన అమ్ముగూడ తులసీదాస్ బలరాం, ఇంకా మన యూసుఫ్ ఖాన్. రహీం సాబ్ ఒంట్లో అప్పటికే కేన్సర్ ఉంది. ఆ కేకల మధ్య 2–1తో గెలిచారు. మన వాళ్ళ కోసం చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? పాకిస్తాన్ హాకీ జట్టు. ఆ ఒక్క గుంపు చప్పట్ల గురించి మా తరం ఆటగాళ్ళు ఎన్ని సాయంత్రాలు మాట్లాడుకున్నారో. లక్షమంది అరిచినా పదిపదిహేను మంది పక్కన నిలబడితే ఆటగాడికి తెలుస్తుంది.

మెహిదీపట్నం నాయనా, నీ కోపం న్యాయమే. కానీ కుర్రాణ్ణి సీజన్ అంతా వెళ్ళగొడితే వాడు ఇంకో కేఫ్ చూసుకుంటాడు, అక్కడ వాణ్ణి ఆపేవాడు ఉండడు. నేనైతే వాణ్ణి తార్నాక బాబు బల్ల దగ్గర ఒక మ్యాచ్ కూర్చోబెడతాను.


థేమ్స్_టు_నిజాంపేట:

తాతగారూ, మీ మాటకి చెల్సీ చేసిన పని కొంత దగ్గరగా ఉంది. 2018 జనవరిలో వాళ్ళు యూదు ద్వేషానికి వ్యతిరేకంగా ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అప్పటి ఓనర్ అబ్రమోవిచ్ స్వయంగా యూదుడు. పట్టుబడిన అభిమానికి ఉత్త నిషేధం కాకుండా ఇంకో దారి కూడా ఇస్తామన్నారు, నిషేధానికి బదులు, చేసిన తప్పేంటో వివరించే తరగతులకి రావొచ్చు. క్లబ్ తరఫున కొందరు అభిమానుల్ని ఆష్విట్జ్‌కే తీసుకెళ్ళారు. ఛైర్మన్ బ్రూస్ బక్ ఉద్దేశం, నిషేధిస్తే మనిషి బుద్ధి మారదు అని. అయితే అదే ఏడాది డిసెంబర్లో బుడాపెస్ట్‌లో ఆ క్లబ్ అభిమానులే మళ్ళీ ఆ పాటలు పాడారు. కాబట్టి తరగతి ఒక్కటే చాలదు, గేటు దగ్గర ఆపేవాడూ ఉండాలి. నేను మెహిదీపట్నం వైపే.

మల్కాజిగిరి బ్రదర్, రూలు కావాలంటే ఫిఫా పద్ధతి వాడుకో. మైదానంలో మూడు మెట్లు: మొదట ఆట ఆపి మైకులో హెచ్చరిస్తారు, మళ్ళీ జరిగితే జట్లని లోపలికి పంపుతారు, మూడోసారికి మ్యాచ్ రద్దు. 2019లో సోఫియాలో బల్గేరియా–ఇంగ్లాండ్ మ్యాచ్ రెండుసార్లు ఆగింది. 2025 ఆగస్టులో లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో బోర్న్‌మత్ ఆటగాడు సెమెన్యో తనని తిట్టారని రెఫరీకి చెప్పగానే ఆట ఆపారు. అతనే ఆ మ్యాచ్‌లో తర్వాత రెండు గోల్స్ కొట్టాడు. నువ్వు ప్రొజెక్టర్ ఆపెయ్. రిమోట్ నీ చేతిలోనే ఉంటుంది కదా.


ఉప్పల్_షెడ్_ఎండ్:

వైస్ కథ చదివిన. నాకు తెల్వదు అది, 4–1 సంగతి కూడా తెల్వదు. ఆ శబ్దం నేను చెయ్య. గని ఒక్కడు చేస్తే అందరికి స్క్రీన్ ఆపుడు అన్యాయం అన్నా. పైసలు అందరం ఏసుకుంటున్నం. నేను ఒప్పుకోను.


మల్కాజిగిరి_బ్లూ:

అందరికి షుక్రియా. తాతగారు, మీకు దండాలు.

ఉప్పల్ తమ్మీ, స్క్రీన్ ఆపితే నీకు కోపమొస్తది, నాకు తెలుసు. ఆ కోపం పక్కోని మీదికి పోవాలనే ఆపుత. స్టేడియంల కూడా అందరు టికెట్ కొనుక్కున్నోళ్ళే, అయినా ఆట అందరికి ఆగుతది. పైసలు వాపస్ కావాలంటే నా జేబుల నుంచి ఇస్త.

గ్రూపుల ఇట్ల పెడుతున్న. ఆ ‘స్స్స్’ గాని, కోతి శబ్దం గాని, ఎవని జాతి, మతం, కులం, రంగు మీద మాట గాని వస్తే మొదటిసారి ప్రొజెక్టర్ ఆపి ఎందుకు ఆపిననో అందరి ముందట చెప్త. రెండోసారి అదే మనిషి చేస్తే ఆ రోజుకు ఇంటికి. వచ్చే మ్యాచ్‌కు రావాలంటే ముందు నాతోని కూసొని మాట్లాడాలె. సీజన్ మొత్తం బంద్ అనేది మూడోసారికి. మెహిదీపట్నం భాయ్, నీకు ఇది మెత్తగ అనిపిస్తదని తెలుసు. మొదటి నెల ఇట్ల చూద్దం, పని చెయ్యకుంటే నువ్వు చెప్పినట్టే చేద్దం. ఇది చెల్సీ మ్యాచ్‌లకే కాదు, ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ పెట్టినా ఇదే రూలు.

తార్నాక భాయ్, మీ వరంగల్ దోస్త్ నంబర్ నాకు మెసేజ్‌ల పంపు. పాము అనుకున్న పోరడు నాతోని వస్తనన్నడు, ఇద్దరం పోయి ఆయనను కలుస్తం. కేఫ్ ఓనర్‌తోని కూడా మాట్లాడాలె, పైఅంతస్తుల ఈ మూడు మెట్ల రూలు ప్రింట్ తీసి గోడకు పెట్టనిస్తడో లేడో అడిగి ఇక్కడ రాస్త.